ఏనుగు ఎదుట పసివాడు: పిల్లల బెంగ గురించి ఒక ధమ్మ పాఠం



మెత్త భావన గురించి పాఠం చెప్పుకున్న ఆదివారం, అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి ఆగింది. "మాస్టారూ, లోకంలో అందరూ సుఖంగా ఉండాలని అనుకోవటం బాగానే ఉంది. మా పిల్లోడికి మాత్రం రోజూ పొద్దున్నే కడుపునొప్పి. దానికేమన్నా ఉందా మీ ధమ్మంలో?" అని అడిగింది. ఈ పాఠం ఆ తల్లికి జవాబుగా రాస్తున్నది.

పిల్లవాడికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. బడి బట్టలు తొడిగేటప్పుడు నొప్పి మొదలవుతుంది. ఆదివారం రాదు, సెలవుల్లో రాదు. నరసరావుపేట తీసుకెళ్ళి స్కానింగ్ తీయించారు, ఏమీ లేదన్నారు. పక్కింటావిడ దిష్టి అంది, తాయత్తు కట్టించారు. తండ్రి మాత్రం "బడి ఎగ్గొట్టటానికి నాటకాలు" అని రెండు దెబ్బలు వేశాడు.

నేను పిల్లవాడితో అరుగు మీద కూర్చున్నాను. నొప్పి సంగతి అడగలేదు. బడికి నడిచేటప్పుడు ఏం ఆలోచిస్తావురా అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నేలకేసి చూస్తూ అన్నాడు: "నేను బళ్ళో ఉన్నప్పుడు నాన్న ఏమన్నా చేసుకుంటే?"

సంగతేమిటంటే ఆ ఏడు వాళ్ళ మిరప పోయింది. కౌలు భూమి. మందుల కొట్టు బాకీ అలాగే ఉంది. సాయంత్రాలు అప్పులవాళ్ళు వచ్చి వాకిట్లో గట్టిగా మాట్లాడి పోతున్నారు. ఒక రాత్రి తండ్రి తల్లితో "ఇంతకన్నా చావటం మేలు" అన్నాడు. పిల్లవాడు నిద్రపోయాడనుకున్నారు. వాడు పోలేదు. మర్నాటి నుంచి కడుపునొప్పి. ఇంటికి కాపలా ఉండాలని వాడి మనసు నిర్ణయించుకుంది, ఆ మాట పైకి చెప్పటానికి నోరు రాలేదు, కడుపు చెప్పింది.

ఆ నొప్పి అబద్ధం కాదు, నాటకం అంతకన్నా కాదు. ప్రమాదం వస్తోందని మనసు అనుకోగానే ఒంట్లో గంట మోగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణం మందగిస్తుంది. పరుగెత్తటానికో తలపడటానికో శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. ఎదురుగా పిచ్చికుక్క ఉంటే ఇది ప్రాణం కాపాడుతుంది. కుక్క వెళ్ళిపోతే గంట ఆగుతుంది. అది భయం. కుక్క ఎక్కడా లేకపోయినా రేపు ఉంటుందేమో, ఎల్లుండి ఉంటుందేమో అని గంట మోగుతూనే ఉంటే దాన్ని డాక్టర్లు ఆందోళన అంటారు. మన ఇళ్ళల్లో దానికి పాత మాటే ఉంది: బెంగ. "బెంగతో జ్వరం తెచ్చుకున్నాడు" అని మన అవ్వలు అనేవారు. మనసుకీ ఒంటికీ మధ్య దారి ఉందని ఏ పుస్తకం చదవకుండానే వాళ్ళకు తెలుసు.

చిన్నపిల్లల బెంగ మాటల్లో కనబడదు. పక్క తడపటం మానేసిన పిల్ల మళ్ళీ తడుపుతుంది. తల్లి కొంగు వదలదు. గోళ్ళు కొరుకుతుంది. "ఎప్పుడొస్తావు? నిజంగా వస్తావా?" అని ఒకే ప్రశ్న పదిసార్లు అడుగుతుంది. కాస్త పెద్ద పిల్లల్లో తలనొప్పి, నిద్ర పట్టకపోవటం, చదివింది గుర్తుండకపోవటం. మగపిల్లల్లో చాలాసార్లు అది కోపంగా బయటపడుతుంది. బళ్ళో కొట్లాడే ప్రతి పిల్లవాడూ దుడుకు పిల్లవాడు కాడు. కొందరు భయపడ్డ పిల్లలు.

ఇప్పుడు నాళాగిరి కథకు వద్దాం. అందరికీ తెలిసిన కథే, కానీ అందులో ఒక చిన్న సంగతి మనం దాటిపోతాం.

రాజగృహంలో దేవదత్తుడు నాళాగిరి అనే ఏనుగుకు కల్లు తాగించి, బుద్ధ భగవానుడు భిక్షకు వచ్చే వీధిలోకి వదిలించాడు. మన పల్నాడు జిల్లాలోనే ఉన్న అమరావతి స్తూపం మీద ఈ కథను చెక్కారు. ఆ గుండ్రటి శిల్పం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దాని ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక పక్క మనుషుల్ని తొక్కుతూ వస్తున్న ఏనుగు. భయంతో ఒకరినొకరు పట్టుకున్న జనం. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ముఖాలు. మరో పక్క బుద్ధుని ముందు మోకరిల్లిన అదే ఏనుగు. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట ఆ శిల్పి భయపడ్డ మనుషుల ఒళ్ళు ఎలా బిగుసుకుంటాయో చూసి చెక్కాడు.

జాతక అట్ఠకథ ఈ సంఘటనకు ఒక సంగతి కలిపి చెబుతుంది. ఏనుగును చూసి ప్రాణభయంతో పరుగెత్తుతున్న ఒక స్త్రీ, చంకలోని బిడ్డను ఏనుగుకూ బుద్ధునికీ మధ్య దించేసి పారిపోయింది. ఏనుగు బిడ్డ దగ్గరకు వచ్చింది. బిడ్డ కేక పెట్టాడు. అప్పుడు భగవానుడు మెత్తను నింపి ఏనుగును తన వైపు పిలిచాడు. నీకు కల్లు తాగించింది నా కోసం, ఇంకెవరి కోసమో కాదు, ఇటు రమ్మన్నాడు.

ఆ తల్లిని కథ తిట్టదు. మనమూ తిట్టవద్దు. భయం పట్టిన మనిషి చేతిలో ఉన్నది జారిపోతుంది, అది తన బిడ్డే అయినా సరే. అప్పు, తాగుడు, గొడవ, చావు మన మీదకు ఏనుగులా వచ్చినప్పుడు మన చంకలోంచి జారేది పిల్లలే. వాళ్ళను కొట్టి కాదు, తిండి పెట్టక కాదు. వాళ్ళు అక్కడ ఉన్నారన్న సంగతి మరిచిపోయి.

బుద్ధుడు బిడ్డకు "భయపడకు" అని చెప్పలేదు చూడండి. ఏనుగుకూ బిడ్డకూ సంబంధించిన ఆ చోటులో తాను చెదరకుండా నిలబడ్డాడు. ఈ పాఠంలో నేను చెప్పదలచినదంతా ఇంతే. భయపడ్డ పిల్లవాడికి కావలసింది ధైర్యవచనాలు కావు, చెదరకుండా పక్కన నిలబడే ఒక పెద్ద మనిషి.

దీన్ని ధమ్మం తెలియని వాళ్ళు కూడా వేరే దారిలో కనుక్కున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అనే ఇద్దరు చిన్నపిల్లల కోసం ఆశ్రయాలు నడిపారు. పిల్లల్ని దగ్గరగా గమనించి 1943లో పుస్తకం రాశారు. బాంబుల మధ్య ఉన్నా తల్లి దగ్గరే ఉండి, ఆ తల్లి నిబ్బరంగా ఉంటే పిల్లలు చాలావరకు తట్టుకున్నారు. తల్లి వణికితే పిల్లలూ వణికారు. క్షేమమైన పల్లెలకు పంపినా తల్లికి దూరమైన పిల్లలు బాగా దెబ్బతిన్నారు. హవాయి దీవుల్లో కవాయి అనే చోట 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవల మధ్య పెరిగిన పిల్లల్లో సుమారు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ళలో కనబడ్డ ముఖ్యమైన సంగతుల్లో ఒకటి, చిన్నప్పుడు నమ్మకంగా అంటిపెట్టుకున్న ఒక పెద్ద మనిషి ఉండటం. తల్లిదండ్రులే కానక్కర్లేదు. అవ్వ కావచ్చు, టీచర్ కావచ్చు.

మన పల్నాడు సంగతి

మన దగ్గర ఏనుగులు తక్కువేం కాదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప పూతను పూతగానే నాశనం చేసింది. ఎకరానికి లక్షలు పెట్టిన కౌలు రైతుల ఇళ్ళల్లో ఆ ఏడు పెరిగిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. జనవరి నుంచి కోతల కాలంలో కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన పొలాలకు వస్తాయి. వాళ్ళ పిల్లలు బడి వదిలి కల్లాల దగ్గర గుడారాల్లో ఉంటారు. తెలియని ఊరు, తెలియని మనుషులు, ఘాటు, పగలంతా చంటిపిల్లను ఎత్తుకుని చూసుకునే పని. మన పిల్లల గురించి మాట్లాడుకునేటప్పుడు వీళ్ళనూ లెక్కలో వేసుకోవాలి, పొలం గట్టు మీద కనబడతారు గానీ బడి రిజిస్టర్లో ఉండరు.

2024 మే 13న పోలింగ్ రోజు, ఆ తర్వాత మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు జరిగిన గొడవలు మీకు గుర్తున్నాయి. 144 సెక్షన్ పెట్టారు, కొట్లు మూశారు. ఎవరిది తప్పు అనేది ఈ పాఠానికి పని లేదు. ఆ రోజుల్లో తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు పిల్లలు ఏం విన్నారు? పెద్దవాళ్ళ గుసగుసలు విన్నారు. ఫోన్లో అవే వీడియోలు మళ్ళీ మళ్ళీ చూశారు. పెద్దవాడికి ఒక వీడియో నాలుగుసార్లు చూస్తే అది ఒకే గొడవ అని తెలుసు. ఐదేళ్ళ పిల్లకు అది నాలుగు గొడవలు. ఆ తర్వాత చాలా నెలలు టపాకాయ పేలితే మంచం కింద దూరిన పిల్లలు మనకు తెలుసు.

ఇంకో మాట చెబితే కొందరికి కోపం రావచ్చు. మనం పౌరుషం గల గడ్డ వాళ్ళమని చెప్పుకుంటాం. కారంపూడి వీరుల కథలు మన పిల్లలకు పాలతో పాటు పోస్తాం. 12వ శతాబ్దపు ఆ యుద్ధం సవతి అన్నదమ్ముల పక్షాలవాళ్ళు ఒకరినొకరు చంపుకున్న యుద్ధమని, బాలచంద్రుడు పేరులోనే బాలుడు ఉన్నాడని మాత్రం చెప్పం. "పల్నాటి పిల్లోడివి, ఏడుస్తావేందిరా" అంటాం. దాంతో వాడు భయపడటం మానడు, చెప్పటం మానేస్తాడు.

సంయుత్త నికాయంలో రెండు బాణాల ఉపమానం ఉంది. మొదటి బాణం ఒంటికి తగిలే బాధ. దాని మీద మనసు పెట్టే గోల రెండో బాణం. సుత్తంలో ఆ రెండోది మనిషి తనకు తానే వేసుకుంటాడు. పిల్లల విషయంలో మాత్రం రెండో బాణం చాలాసార్లు మన చేతిలోంచే పోతుంది. కడుపునొప్పి మొదటిది. "నాటకాలు" అనే మాట రెండోది.

"వాడి ఖర్మ" అనే మాట

తాయత్తు కన్నా ప్రమాదమైనది ఈ మాట. పోయిన జన్మలో ఏం చేసుకున్నాడో అంటారు, కొందరు బుద్ధుడు కూడా కర్మ సిద్ధాంతమే చెప్పాడంటారు. సంయుత్త నికాయంలోనే సివక సుత్తం చూడండి. మోళియ సివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వ కర్మ వల్లేనని కొందరంటారు, మీరేమంటారని అడిగాడు. భగవానుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, అవి కలగలిసి, రుతువు మార్పు వల్ల, సరైన జాగ్రత్త లేక, దెబ్బలు తగిలి కూడా బాధలు వస్తాయన్నాడు. ఎనిమిది కారణాలు చెప్పి అందులో కర్మ ఫలాన్ని ఒక్కటిగా మాత్రమే లెక్కపెట్టాడు. అన్నీ పూర్వ కర్మే అనేవాళ్ళు కళ్ళెదుట కనబడేదాన్ని దాటిపోతున్నారన్నాడు.

కాబట్టి బెంగకు కారణం ఈ ఇంట్లో, ఈ వీధిలో, ఈ బళ్ళో వెతకాలి. కారణం ఉంటే ఫలం ఉంటుంది, కారణం తగ్గితే ఫలం తగ్గుతుంది. పటిచ్చసముప్పాదం పండితులకే పరిమితమైన పాఠం కాదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడి కడుపునొప్పి దగ్గర అది పనికొస్తుంది.

మరి ఏం చేశాం

ముందు తండ్రితో మాట్లాడాం, కొడుకు గురించి కాదు, ఆయన గురించే. ఆయన బెంగ తగ్గకుండా పిల్లవాడిది తగ్గదు. అప్పు ఒక్కరోజులో తీరలేదు. మా ఉపాసకుల్లో ఇద్దరు వెళ్ళి వాకిట్లో అరవటం ఆపించి, వాయిదాల మాట మాట్లాడి వచ్చారు. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ తీయించి, తాళం వేసే చోట పెట్టించి, తాళం వేరేవాళ్ళ దగ్గర ఉంచాం. ఈ పని మీరందరూ చేయండి. మనకు పంట కోసం కొన్న మందు మంచం కింద ఉండటం అలవాటైపోయింది. పెద్దవాళ్ళయినా, పదో తరగతి పిల్లలయినా, ఒక చెడ్డ గంటలో అది చేతికి అందకపోతే ఆ గంట గడిచిపోతుంది. తండ్రి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరుకు కూడా చూపించుకున్నాడు. మొదట సిగ్గుపడ్డాడు. నడుమునొప్పికి పోవా అంటే నవ్వాడు.

తర్వాత ఆయన కొడుకుని కూర్చోబెట్టుకుని నిజం చెప్పాడు. ఏమీ లేదు నాయనా అని కాదు. ఏమీ లేదంటే పిల్లలు నమ్మరు, ఇంతకన్నా పెద్దదేదో దాస్తున్నారనుకుంటారు. "అప్పు ఉంది. ఆ రాత్రి బాధలో అట్లా అన్నాను. మళ్ళీ అట్లా అనిపిస్తే ఎవరికి చెప్పాలో నాకిప్పుడు తెలుసు. అప్పు సంగతి పెద్దవాళ్ళ పని, నీది కాదు. సాయంత్రం నువ్వొచ్చేసరికి ఇంట్లో ఉంటా." ఉన్నాడు కూడా. పిల్లలు మాటను కాదు, సాయంత్రాన్ని నమ్ముతారు.

బడి మాన్పించలేదు. ఇది చాలామంది పొరపాటు చేసే చోటు. నొప్పి అనగానే ఇంట్లో ఉంచేస్తే ఆ పూటకు హాయి, మర్నాటికి బెంగ రెట్టింపు, ఎందుకంటే "బడికి పోకపోబట్టే ఏమీ కాలేదు" అని మనసు పాఠం నేర్చుకుంటుంది. టీచరమ్మతో మాట్లాడి, మొదటి వారం రోజూ మధ్యాహ్నం ఒకసారి తండ్రికి ఫోన్ చేయించాం. రెండో వారం రోజు మార్చి రోజు. నాలుగో వారానికి వాడే ఫోన్ మరిచిపోయాడు.

భయం వచ్చినప్పుడు ఏం చేయాలో భయభేరవ సుత్తంలో భగవానుడు తన అనుభవమే చెబుతాడు. సంబోధికి ముందు, రాత్రిపూట అడవిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఏదో జంతువు వచ్చేది, నెమలి పుల్ల విరిచేది, గాలికి ఆకులు కదిలేవి. ఇదిగో భయం వస్తోంది అని గుర్తించేవాడు. నడుస్తుండగా వస్తే, అది తగ్గేదాకా నడుస్తూనే ఉండేవాడు. కూర్చున్నప్పుడు వస్తే కూర్చునే ఉండేవాడు. బుద్ధుడికే భయం వేసిందా అని మా తరగతిలో పిల్లలు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యమే సగం మందు. భయం వేయటం తప్పు కాదని వాళ్ళకు అప్పుడు తెలిసింది.

ఆనాపానసతి పిల్లలకు నేర్పవచ్చు. గోయెంకా గురూజీ సంప్రదాయంలో ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలకు ఆనాపాన శిబిరాలు నడుపుతారు. మనకు దగ్గర్లో నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున కేంద్రం ఉంది. ఇంట్లో అయితే పది నిమిషాలు చాలు, ఐదైనా చాలు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి వస్తూ పోతూ ఉండటం గమనించమనండి. మీరూ పక్కన కూర్చోండి. దాన్ని శిక్షలా వాడొద్దు. "అల్లరి చేస్తున్నావు, పోయి ధ్యానం చెయ్" అంటే ఇక జన్మలో చెయ్యడు. పెద్ద దెబ్బ తిన్న పిల్లలకు, అంటే చావును చూసినవాళ్ళకు, కొట్లాట మధ్యలో చిక్కుకున్నవాళ్ళకు, కళ్ళు మూసుకుంటే అదే కనబడుతుంది. వాళ్ళను బలవంతం చేయకూడదు. కళ్ళు తెరిచి నడవనివ్వండి, పాదం నేలకు తగలటం గమనించమనండి, మట్టితో ఆడుకోనివ్వండి. సిద్ధార్థుడు చిన్నప్పుడు తండ్రి పనిలో ఉండగా నేరేడు చెట్టు నీడన కూర్చుని పొందిన ప్రశాంతతే, ముప్పై దాటాక ఉపవాసాలతో చిక్కి శల్యమైనప్పుడు గుర్తొచ్చి దారి చూపించిందని మహాసచ్చక సుత్తంలో ఉంది. ఆ నీడలో వాణ్ణి ఎవరూ ర్యాంకు అడగలేదు.

ర్యాంకులంటే గుర్తొచ్చింది. హాస్టళ్ళలో ఇంటర్ పిల్లల సంగతి ఇంకో పాఠమంత ఉంది. 2019లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల తప్పుల గందరగోళం తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాలొచ్చే వారం పిల్లల్ని ఒంటరిగా ఉంచకండి. మార్కులు అడిగే ముందు అన్నం తిన్నావా అని అడగండి.

మెత్తతో, మాటతో తగ్గనివి ఉంటాయి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. అంటే నలభై మంది తరగతిలో ముగ్గురు. పిల్లలు చావు మాట ఎత్తినా, ఒళ్ళు కోసుకున్నా, రెండు వారాలకు మించి తిండి, నిద్ర, బడి దెబ్బతిన్నా డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు, రాత్రయినా ఎత్తుతారు. పిల్లల్ని ఎవరైనా హింసిస్తున్నట్టు తెలిస్తే 1098. ఈ రెండు నంబర్లు మీ ఇంటి గోడ మీద రాసుకోండి. చావు మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని సందేహించకండి. అడగటం వల్ల అది పుట్టదు. చాలామంది పిల్లలు ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తుంటారు.

పోయిన ఆదివారం తరగతిలో అమరావతి శిల్పం ఫోటో పెట్టి నాళాగిరి కథ మళ్ళీ చెప్పాను. ఆ పిల్లవాడు ముందు వరసలో ఉన్నాడు. అంతా విని, "మరి వాళ్ళమ్మ మళ్ళీ వచ్చిందా, మాస్టారూ?" అన్నాడు. నేను చదివిన దాంట్లో ఆ సంగతి లేదురా అన్నాను. వెనక కూర్చున్న వాళ్ళమ్మ, "రాకుండా ఎట్లా ఉంటుందయ్యా, వచ్చే ఉంటుంది" అంది. వాడు ఒకసారి వెనక్కి తిరిగి చూసి, పలక మీద ఏనుగు బొమ్మ వేసుకోవటం మొదలుపెట్టాడు.